అవ్వ చూడని చివరి రీలు

నేను కాలు విరిగి మంచాన పడ్డ దగ్గర నుంచి మా మనవరాలు రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని ఫోనులో సినిమాలు పెడుతూ ఉంది. ఒకరోజు రాజుల కథ, ఒకరోజు హత్య కథ. నాకు రెండూ ఒకటే. కోటైనా బంగళా అయినా ఎవరినో ఒకర్ని లోపల పెట్టి గడియ వేస్తారు, ఆ మనిషి ఎట్లా బయటపడుతుందా అని మనం చూస్తూ కూర్చుంటాం. మొన్న ఒక హత్య కథ సగానికి రాగానే, చంపింది ఫలానా ఆవిడ అని చెప్పేశాను. మనవరాలు రెండు చెవులూ మూసుకుంది. చివర చెప్పేస్తే ఇంక చూసేదేముంది అమ్మమ్మా అని విసుక్కుంది.

నాకు నవ్వొచ్చింది. చివర చెప్పకపోతే మధ్యాహ్నం అన్నం ముట్టని మనిషి ఒకామె మా ఇంట్లో ఉండేది. ఆమె కోసం నా పదో ఏట ఎన్ని సినిమాలకు చివరలు చెప్పానో లెక్కలేదు. అందులో చూసి చెప్పింది ఒక్కటీ లేదు. ఈ మాట మనవరాలికి చెప్పాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. కాలు కదలదు, నోరు ఊరుకోదు, అందుకని ఇక్కడ చెబుతున్నాను.

మాది ఉదయగిరిలో అంగడి ఇల్లు. ముందర అంగడి, వెనకాల ఇల్లు, ఆ వెనకాల దొడ్డి, దొడ్లో బావి. ఎండుమిరపకాయలు, బెల్లం, చింతపండు, కిరసనాయిలు, ఈ నాలుగు వాసనలూ కలిసి మా అందరి బట్టలకూ పట్టి ఉండేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను చూస్తే ఆకలేస్తుందనేది. తాత గల్లాపెట్టె ముందు నుంచి లేచేవాడు కాదు. నాయన సరుకుల మీద తిరిగేవాడు. ఇంటి పెత్తనమంతా అవ్వది. మనిషి గట్టి మనిషి, నుదుట కాసంత బొట్టు, నడుముకు తాళాల గుత్తి. ఆ గుత్తి చప్పుడు వినబడితే ఇంట్లో మేమందరం ఏదో ఒక పని చేతిలోకి తీసుకునేవాళ్ళం.

అంతటి అవ్వకు సినిమా అంటే పిచ్చి.

శెనక్కాయలు ఇళ్ళకు చేరి జనం చేతులు కాస్త ఆడే కాలానికి ఊరి బయట టూరింగ్ టాకీసు డేరా లేచేది. రెండెద్దుల బండికి అటూ ఇటూ బొమ్మల అట్టలు కట్టి, డప్పు కొట్టుకుంటూ కాగితాలు పంచేవాళ్ళు. ఎర్ర కాగితం, పచ్చ కాగితం, ఏ రంగైనా కిరసనాయిలు కంపు కొట్టేది. అవ్వకు చదువు రాదు. కాగితం నా చేతికిచ్చి చదవమనేది. రాజెవరు, రాణి ఎవరు, పాటలెన్ని అన్నవి ఆమెకు అక్కర్లేదు. అంతా విని ఒకటే అడిగేది.

"ఎంతమంది చస్తారంట?"

ఎందుకంటే అవ్వకు ఒక పట్టు ఉండేది. తెర మీద ఎవరైనా చనిపోతే ఇంటికి రాగానే తిన్నగా బావి దగ్గరికి పోయి తలమీద నీళ్ళు పోసుకునేది. నాకూ పోసేది. అది బొమ్మే కదా అని నాయన అంటే, దూరపు చుట్టం పోయిన కబురు వింటేనే నీళ్ళు పోసుకుంటామే, కళ్ళారా చూసి వచ్చి పోసుకోకుండా లోపలికి ఎట్లా వస్తామని అడిగేది. చలికాలం, బావి నీళ్ళు, తడిసిన జుట్టుతో వణుక్కుంటూ నేను. నాకు సినిమా అంటే ఇప్పటికీ ఒంటి మీద రోమాలు లేస్తాయి, అది పాటల వల్ల కాదు.

అంత చలిలో నీళ్ళు తప్పించుకోవడానికి అవ్వే ఒక ఉపాయం కనిపెట్టింది. డేరాలో ఒకటే మిషను. ఒక రీలు అయిపోతే దీపాలు వేసి ఇంకో రీలు ఎక్కించేవాళ్ళు. ఆ సందులో అవ్వ లెక్క వేసుకునేది. రాజు చెరలో ఉన్నాడు, రాణి ఏడుస్తా ఉంది, వాయిద్యం కూడా దిగాలుగా ఉంది, అంటే వచ్చే రీల్లో ఎవరో పోతారు. "లే, పోదాం" అనేది. నేను నేల మీది ఇసుకను గట్టిగా పట్టుకుని కూర్చునేదాన్ని. ఇసుక నాకు ఏం సాయం చేస్తుంది? రెక్క పట్టుకుని లేపేది. ఆ విధంగా నేను ఏ రాజుల సినిమాకూ చివర చూడలేదు. రాజుల కథల్లో చివర ఎవరో ఒకరు చావకుండా ఉండరు.

డేరాలో ఉన్నంతసేపూ అవ్వ మాటలు వినడానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు. మన కొండ మీద కోటకు ఒక్క గోడ సరిగ్గా లేదు, వీళ్ళ కోటకు ఒక్క పెచ్చయినా ఊడలేదే అని అనుమానపడేది. రాజు యుద్ధానికి పోతూ మీసం తడుముకుంటే అది ఊడొస్తుందేమోనని ఈమె భయపడేది. హత్య సినిమాల్లో పొడుగు కోటు, టోపీ పెట్టుకుని తిరిగే మనిషిని చూసి, ఈ ఎండల్లో ఆ కోటుతో చెమటకాయలు రావా వీడికి అని జాలిపడేది. ఒకసారి మాత్రం నిజంగా కోపం వచ్చింది. ముందటి సినిమాలో బాణం తగిలి చనిపోయిన మనిషి వారం తిరక్కముందే ఇంకో సినిమాలో పంచె కట్టుకుని, నవ్వుతూ, పెళ్ళికొడుకై వచ్చాడు. అవ్వ నా మోచేయి పట్టుకుని లాగింది.

"వీడు చచ్చినోడు కదే. బతికే ఉండాడా? ఆ పొద్దు ఊరికే నీళ్ళు పోసుకున్నామే."

ఆ పెళ్ళికొడుకును ఆమె బతికినంతకాలం క్షమించలేదు.

ఇంత చెప్పాను గానీ అవ్వ గురించి ఇంకొకటి చెప్పాలి. డేరా బయట వేయించిన శెనక్కాయలు కొనేది. నాకు గుప్పెడు పెట్టి, తను నాలుగు నోట్లో వేసుకుని, మిగిలినవన్నీ కొంగున ముడి వేసుకునేది. స్నానానికి పోయే ముందు ఆ ముడి విప్పి, శెనక్కాయలు వంటింటి పక్క గదిలో ఒక చాప అంచున పోసి వచ్చేది. ఆ చాప మా అత్తది.

అత్త అంటే నాయన చెల్లెలు. ఎనిమిదో క్లాసు పాసైన ఏడే పెళ్ళి చేశారు. కాపురానికి పోక ముందే ఆ పిల్లవాడు విషజ్వరంతో పోయాడు. అప్పటి నుంచి ఆమె తెల్లకోక. నాకు పదేళ్ళు వచ్చేసరికి ఆమెకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. బజారు వైపు వాకిలి దాటి ఎనిమిదేళ్ళు దాటింది. పొద్దున గిరాకీ వచ్చే వేళ ముందరింట్లోకి రాకూడదు. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే కనబడకూడదు. వంటిల్లు, పక్క గది, దొడ్డి, అంతే ఆమె ఊరు. ఆ గదికి మనిషి ఎత్తున ఒక చిన్న కిటికీ ఉండేది. ముక్కాలి పీట ఎక్కితే అందులోంచి కొండ, కోట గోడ ఒక తునక కనిపించేవి. అత్త ఆ పీటను ఎవర్నీ తీయనిచ్చేది కాదు.

సినిమాకు పోవడం గురించి ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. అడిగేదల్లా కథ. మరుసటి రోజు మధ్యాహ్నం, అందరూ తిని నడుం వాల్చాక, ఆమె చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ కూర్చునేది. అన్నం గిన్నె పక్కన మూతపెట్టి ఉండేది. కథ అయిపోతేగానీ తినేది కాదు. ఆమె పెట్టెలో మూడు సినిమా పాటల పుస్తకాలుండేవి, సరుకు కట్టి వచ్చిన కాగితాల్లోంచి ఏరి దాచుకున్నవి. వాటిలో పాటల ముందు కథ ఉండేది. మంచి పట్టులో ఆపేసి, తరువాతి కథ వెండితెర మీద చూడండి అని వేసేవాళ్ళు. ఆ మాట చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. చూడగలిగినోళ్ళకు పుస్తకమెందుకు అనేది.

అటువంటి మనిషితో, మేం చివరకు ముందే లేచి వచ్చామని ఎట్లా చెప్పను? మొదటిసారి భయపడి ఏదో అల్లేశాను. ఆమె నమ్మింది, మూత తీసి అన్నం తినింది. ఇంక నాకు అదే అలవాటయింది.

ఒకసారి హత్య సినిమా వచ్చింది. మొదటి రీల్లోనే జమీందారు తన గదిలో చచ్చి పడి ఉంటాడు, గదికి తాళం వేసి ఉంటుంది. అవ్వకు ఏమీ పాలుపోలేదు. ఎలాగూ నీళ్ళు పోసుకోక తప్పదు కదా అని కూర్చుంది. పీనుగ కనబడినప్పుడల్లా తెరకు వీపు పెట్టి జనం మొహాలు చూసేది. కోటు మనిషి అందర్నీ ఒకచోట చేర్చి, చంపింది ఎవరో చెప్పబోతుండగా ఇంకొకాయన గుండె పట్టుకున్నాడు. రెండు చావులకు రెండు సార్లు పోసుకోవడం తన వల్ల కాదని అవ్వ నన్ను లేపేసింది.

మరునాడు అత్త అడిగితే, చంపింది వంటవాడని చెప్పాను. అత్త గింజ తీయడం ఆపింది. వంటవాడికి ఆ గది తాళంచెవి ఎట్లా వచ్చిందని అడిగింది. ఇంట్లో తాళాల గుత్తి ఎవరి నడుముకు ఉందని అడిగింది. జమీందారు అక్కకు అన్నాను. అయితే ఆమే అయి ఉంటుంది, తాళాలు ఎవరి దగ్గరుంటే అంతా వాళ్ళ చేతిలోనే ఉంటుంది అంది అత్త. ఆ మాట అంటుండగానే వంటింట్లో అవ్వ గుత్తి గలగలమంది. మేమిద్దరం తల వంచుకుని చింతపండు పని చేశాం.

అత్త చెప్పిందే నిజమని ఆ వారంలోనే తెలిసింది. చెప్పింది టీచరమ్మ. ఆమె మా బడిలో చిన్న క్లాసులకు పాఠాలు చెప్పేది. దుత్తలూరు వైపు పల్లె, కిరస్తానీ కుటుంబం. అత్తా ఆమే ఎనిమిది దాకా ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక దొడ్డి వాకిలి నుంచి వచ్చి, బట్టలుతికే బండ మీద కూర్చుని అత్తతో మాట్లాడిపోయేది. అవ్వ ఆమెను ఇంట్లోకి రానిచ్చేది కాదు గానీ మజ్జిగ మాత్రం ఎప్పుడూ ఇప్పించేది. ఆ మజ్జిగ గ్లాసు దొడ్లో చూరు కింద వేరుగా ఉండేది. చిన్నప్పుడు దాని గురించి నేనేమీ అనుకోలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తర్వాత వచ్చింది రాణి సినిమా.

రాజు యుద్ధానికి పోతాడు. మంత్రి రాణిని కోటలో ఒక బురుజు పైన గదిలో పెట్టి తలుపు వేయిస్తాడు. కింద కావలివాళ్ళు. రాణి కిటికీలోంచి చూస్తూ పాట పాడుతుంది. మళ్ళీ ఇంకో పాట. బయట శత్రువులు వస్తున్నారన్న కబురు అందింది, దాసీ ఒక వెండి గిన్నె తెచ్చింది. అంతలో రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. గిన్నె చూడగానే అవ్వకు అర్థమైపోయింది, లేచి నిలబడింది. ఆ రోజు మాకు స్నానం తప్పింది.

మరుసటి రోజు ఆదివారం. అత్త దొడ్లో బావి గట్టు నీడన కూర్చుని ఉంది, టీచరమ్మ బండ మీద ఉంది. నేను కథ చెబుతూ బురుజు దాకా వచ్చాను. అత్త చేతులు ఆగిపోయాయి. గది ఎంత ఉంటుంది, కిటికీ ఎంత ఎత్తులో ఉంది, తిండి ఎవరు తెస్తారు, అన్నీ అడిగింది. ఆమె మొహం చూసి, ఈ రాణిని మాత్రం చంపకూడదని నాకు అనిపించింది. ఎట్లా తప్పించుకుందని అత్త అడిగింది. మా కొండ కోట గురించి ఊర్లో చెప్పుకునేది గుర్తొచ్చి, సొరంగంలోంచి పోయిందని చెప్పాను.

"సొరంగంలో దూరేదానికి ఆమేమన్నా దొంగతనం చేసిందా?" అంది అత్త. "తలుపులోంచి ఎట్ట పోయిందో చెప్పు."

పాలమ్మే ఆమె వేషం వేసుకుని, నెత్తిన కుండ పెట్టుకుని, కావలివాళ్ళ ముందు నుంచే నడిచి పోయిందన్నాను. అత్త నవ్వింది. ఆమె నవ్వితే పై పెదవి ఒక పక్కకు లేచేది.

"కుండ కూడా అక్కర్లేదే. నా మాదిరి తెల్లకోక కట్టుకుంటే సాలు. ఎదురొస్తా ఉంటే కావలోళ్ళు వాళ్ళంతట వాళ్ళే మొహం తిప్పుకుంటారు. ఎవురు పోయినారో కూడా చూడరు."

టీచరమ్మ నా వైపు చూసింది. ఆమె కూడా ఆ సినిమా చూసిందని, చివరిదాకా చూసిందని నాకు ఆ చూపులోనే తెలిసింది. నా గుట్టు బయటపెడుతుందనుకున్నాను. ఆమె మజ్జిగ తాగి, గ్లాసు కడిగి చూరు కింద పెట్టి వెళ్ళిపోయింది. వచ్చే ఆదివారం మాత్రం పుస్తకంలో మడిచి ఒక కాగితం తెచ్చింది. నెల్లూరులో ఆడవాళ్ళకు టీచరు ట్రైనింగు ఉంది, ఎనిమిది పాసైతే చాలు, ఉండడానికీ తినడానికీ అక్కడే చూస్తారు. అత్త పెట్టె అడుగున ఎనిమిదో క్లాసు కాగితం ఉంది. ఆమె దాన్ని తీసి, మడత పోయేటట్లు మోకాలి మీద పెట్టి చేత్తో రుద్దింది. రుద్దుతూనే ఉంది. ఎవరికైనా చెబితే నాలుక కోస్తానంది నాతో. అంత ప్రేమగా నన్ను ఆమె ఎప్పుడూ బెదిరించలేదు.

అర్జీ పెట్టారు. చేర్చుకుంటాం రమ్మని ఉత్తరం టీచరమ్మ పేరున వచ్చింది. కానీ ఎట్లా పోవడం? నెల్లూరు బస్సు మా అంగడి ముందే ఆగేది. డ్రైవరు మా తాత దగ్గర నశ్యం పొడి కొనుక్కుని ముక్కులో వేసుకుంటేగానీ బస్సు కదిలేది కాదు. ఊర్లో ఆమెను ఎవరు చూసినా చూడకపోయినా తాత కళ్ళు తప్పవు. చేరాల్సిన రోజు దగ్గర పడుతూ ఉంది. అత్తకు అన్నం సహించకుండా పోయింది. కథ అయిపోయినా మూత తీసేది కాదు. పీట ఎక్కి కిటికీ దగ్గర నిలబడి ఉండేది. నేను ఏ చివర చెప్పినా వినడం లేదని నాకు ఏడుపొచ్చేది.

అంతలో ఆత్మకూరులో మా పెద్దత్త కూతురి పెళ్ళి కుదిరింది. పిండివంటలకు చెయ్యి కావాలి కాబట్టి అత్తను కూడా తీసుకుపోయారు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆమె బస్సెక్కడం అదే. చీకటుండగానే, ఎవరికీ ఎదురు రాకుండా ఎక్కించారు. ఆత్మకూరులో నాలుగు రోజులు ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు. అరిసెలు, లడ్డు, కజ్జికాయలు, జంతికలు, ఇల్లంతా బెల్లం పాకం వాసన. మా ఊరి చెక్క గరిటెలు నాలుగు తెచ్చుకుంది, అందులో ఒకటి పాకంలో తిప్పీ తిప్పీ విరిగిపోయింది. పెళ్ళి రోజున మాత్రం పందిట్లో ఆమె కనబడకూడదు. వీధి చివర విడిదికి తీసుకున్న ఇంట్లో వెనక గదిలో ఉండమన్నారు. దొంగతనంగా పదకొండు కజ్జికాయలు తిని కడుపు పట్టుకున్న నన్ను ఆమెకు అప్పగించారు. పెళ్ళివారు ఎవరైనా తెలియక లోపలికి వచ్చి ఆమెను చూస్తారేమోనని అవ్వ వీధి తలుపుకు బయట గడియ పెట్టి పోయింది.

గడియ పడిన చప్పుడు విని నేను అత్త మొహం చూశాను. ఆమె మేళం దూరమయ్యేదాకా ఆగి, తన గుడ్డసంచి తీసుకుని, పద, బొమ్మకు పోదాం అంది. నేను నమ్మలేదు. తలుపుకు గడియ ఉంది కదా అన్నాను. దొడ్డి తలుపుకు ఎవరూ వేయలేదు అంది. నిజమే, దాన్ని గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఆత్మకూరులో డేరా కాదు, రేకుల కప్పు హాలు, పగలు కూడా ఆట ఉండేది. గోడ మీది బొమ్మ చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. అదే రాణి, అదే బురుజు. కడుపు నొప్పి, ఇంటికి పోదామన్నాను. నీ నొప్పి సంగతి నాకు తెలుసులే అని అత్త నన్ను ఆడవాళ్ళ వైపు కట్టిన గుడ్డ పరదా వెనక్కి లాక్కుపోయింది.

ఆమె సినిమా చూసిన తీరు నేను మరిచిపోలేదు. నోరు తెరుచుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్ల కూర్చున్నట్లు కూర్చుంది. రాజు మీసం అంటించిందని వెంటనే కనిపెట్టింది. రాణి ఏడుస్తూ బురుజు గోడకు ఆనుకుంటే ఆ గోడ కాస్త ఊగింది. అది గుడ్డ మీద రంగేసిన గోడ, తోస్తే పడిపోతుందని నా చెవిలో చెప్పింది. నాకు అవేవీ ఎక్కలేదు. వెండి గిన్నె ఎప్పుడు వస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. వచ్చింది. ఈసారి లేపడానికి అవ్వ లేదు. రాణి గిన్నె ఎత్తి తాగింది, తలుపు పగలగొట్టుకుని రాజు వచ్చేసరికి నేల మీద పడి ఉంది. నేను మొదటిసారి చూసిన సినిమా చివర అది. దీపాలు వెలిగేసరికి వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. రాణి కోసం కాదు. అబద్ధం చెప్పి మా అత్తను ఇన్నాళ్ళు మోసం చేశానని.

"ఏడవబాక," అంది అత్త. "ఇంతకన్నా నువ్వు చెప్పిందే బాగుండాది."

బయట ఎండ కళ్ళలో పడింది. హాలు పక్క సందులో ఆమె కొంగుతో నా ముక్కు తుడిచింది. చావు చూశాం కదా, ఇప్పుడు నీళ్ళు పోసుకోవాలా అని నవ్వుతూ అడిగింది. పోసుకోవాలన్నాను.

"నువ్వు పోసుకో. నేను నెల్లూరు బస్సెక్కతా ఉండా. టీచరమ్మ బస్టాండు కాడ ఉండాది. మీ నాయన అడిగితే అబద్ధం చెప్పబాక. చివరిదాకా మటుకు చెప్పబాక."

నేను ఆమె సంచి పట్టుకున్నాను. నన్ను కూడా తీసుకుపొమ్మని అడిగినట్లు గుర్తు. ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. తర్వాత బజారు నడిమధ్య నుంచి నడిచిపోయింది. సోడా అంగడి దగ్గర నిలబడ్డ ఇద్దరు ఆమె ఎదురు రావడం చూసి మొహం తిప్పుకున్నారు. బండి తోలుకొచ్చే మనిషి ఎద్దుల వైపు చూశాడు. పెళ్ళికి పోతున్న ఆడవాళ్ళు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఆమె తల వంచుకోలేదు. మలుపు దాకా చూశాను.

దీపాలు పెట్టే వేళకు అవ్వ వచ్చింది, చేతిలో ఆకు మీద లడ్డు, పులిహోర, అత్తకని. గడియ తీసి చూస్తే గదిలో నేనొక్కదాన్నే. నాయన వచ్చాడు. ఏందే, అత్త యాడికి పోయింది అన్నాడు. సినిమాకు పోయినామని నిజమే చెప్పాను. తర్వాత అని అడిగాడు. కథ మొదలుపెట్టాను. రాజు యుద్ధానికి పోవడం, మంత్రి కుట్ర, బురుజు, రెండు పాటలు, ఒక్కటీ వదలకుండా రీలు తర్వాత రీలు చెప్పాను. చెబుతున్నంతసేపూ బస్సు సంగం దాటిందా, నెల్లూరు చేరిందా అని మనసులో లెక్క వేసుకుంటున్నాను. నాయన నా రెండు భుజాలూ పట్టుకుని కుదిపాడు.

"తర్వాత ఏమైందే?"

"నాకు తెలవదు నాయనా. ముందే లేచి వచ్చేసినా."

ఆ మాట అవ్వ కూడా వింది. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆమెకు తెలుసు. ఆకు అలాగే చేతిలో పట్టుకుని నిలబడింది. నాయన చెంప మీద కొట్టిన దెబ్బకు నా చెవి రెండు రోజులు గుయ్యిమంది. బజారంతా విచారించారు. తెల్లకోక ఆమెను చూశారా అంటే ఒక్కరూ చూశామనలేదు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు.

ఉదయగిరికి వచ్చిన నాలుగో రోజు అత్త నుంచి ఉత్తరం వచ్చింది. క్షేమంగా ఉన్నాను, చదువులో చేరాను, నా కోసం రావద్దు, అంతే. నాయన గట్టిగా చదివి చించేశాడు. అవ్వ అంతా విని లేచింది. దొడ్లోకి నడిచింది. కట్టుకున్న కోకతోనే బావి దగ్గర నిలబడి, చేద నిండా తోడి తల మీద పోసుకుంది. మళ్ళీ తోడింది, మళ్ళీ పోసుకుంది. నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను. సినిమా చూసి వచ్చి పోసుకున్నప్పుడల్లా చలికి తిట్టుకుంటూ పోసుకునేది. ఆ రోజు నోట మాట లేదు. ఆ తర్వాత అత్త పేరు ఇంట్లో ఎవరూ పలకలేదు. అవ్వ ఇంకెప్పుడూ సినిమాకు పోలేదు.

రెండేళ్ళకు నేను పెద్దమనిషినయ్యాను. బడి మాన్పించారు. నన్నూ ఆ గదిలోనే కూర్చోబెట్టి చింతపండు ముందేశారు. పీట అక్కడే ఉంది, కిటికీ అక్కడే ఉంది. కొండ ఎంత దగ్గరగా కనిపిస్తుందో, ఎంత దూరమో నాకు అప్పుడు తెలిసొచ్చింది. డేరా వచ్చేది, డప్పు వినబడేది, ఎర్ర కాగితాలు గోడ మీద నుంచి దొడ్లో పడేవి. నాకు కథ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నెలకో రెండు నెలలకో టీచరమ్మ పుస్తకంలో మడిచి ఒక ఉత్తరం తెచ్చేది. అత్త తను చూసిన సినిమా కథ రాసేది, మొదటి నుంచి, చివరిదాకా. ఒక్కదానికీ సగంలో ఆపలేదు. బయటికి రమ్మని ఎప్పుడూ రాయలేదు. నేనూ దొడ్డి తలుపు దాకా చాలాసార్లు పోయి వెనక్కి వచ్చాను. ఆమెకున్న ధైర్యం నాకు లేదు, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నాకు ఆత్మకూరులోనే సంబంధం చూశారు.

పెళ్ళికి ముందు ఏడు అవ్వ మంచాన పడింది. ఆ మంచం కూడా ఆ గదిలోనే వేశారు. తాళాల గుత్తి అమ్మ నడుముకు పోయింది. నేను మంచం పక్కన కూర్చుని గింజలు తీసేదాన్ని. ఒక మధ్యాహ్నం అవ్వ కళ్ళు మూసుకునే, ఆ రాణి బొమ్మ గుర్తుందా అని అడిగింది. ఏ రాణి అవ్వా అన్నాను.

"బురుజులో పెట్టినారే, ఆమె. మనం లేచి వచ్చేస్తిమే." కళ్ళు తెరిచింది. "చివరికి ఆమె చచ్చిపోయిందా?"

అవ్వ నా వైపు చూస్తూ ఉంది. ఆమె అడుగుతున్నది ఎవరి సంగతో నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

"లేదవ్వా. తలుపు తీసుకొని పోయింది. బతికే ఉండాది. కావలి ఊరి పక్కన బళ్ళో పిల్లకాయలకు చదువు చెప్తా ఉండాది."

అవ్వ కిటికీ వైపు చూసింది. తర్వాత కొంగు మొహం మీదికి లాక్కుంది. కొంగు కింద నుంచి మాట సన్నగా వచ్చింది.

"ఆ పొద్దు ఊరికే నీళ్ళు పోసుకున్నానే."